పద్దెనిమిది ఇళ్లు, ఒకే వాకిలి

వరంగల్ పట్టణంలోని మూగజీవులన్నింటికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, 1983వ సంవత్సరం ఉగాది నుంచి వాటి కష్టాలు తీరిపోయాయి. ఈ మేరకు జిల్లా మూగజీవుల సంరక్షణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రతిని సైక్లోస్టైల్ తీయించి, పాత బందెలదొడ్డిలో వెలసిన శరణాలయం గోడకు అంటించారు. మధ్యాహ్నానికల్లా అక్కడున్న గాడిద దాన్ని పూర్తిగా తినేసింది. సంఘం తీర్మానం వల్ల ఒక ప్రాణి కడుపు నిండటం ఆ ఏడాది అదే మొదలు, అదే ఆఖరు.

ఈ మహత్కార్యానికి సమన్వయకర్తగా నియమితుడైనవాడు మన మార్కండేయులు. కొత్తవాడ వాడే. తాత జంపఖానాలు నేశాడు, తండ్రి బుచ్చిరాములు నేస్తున్నాడు, మార్కండేయులు మాత్రం బీకాం చదివాడు. ఉద్యోగం తాత్కాలికం. పర్మినెంటు చేసే అధికారం సంఘం అధ్యక్షుల చేతిలో ఉంది.

"దసరా దాక చూస్త బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు. "అప్పటికి పర్మినెంటు గాకపోతే సప్పుడు జెయ్యక అచ్చి మగ్గం మీద కూసో."

మార్కండేయులుకు మగ్గమంటే చచ్చేంత భయం. అది మనిషి పనిచేస్తే తప్ప కదలదు. కుర్చీ అలా కాదు, మనిషిని ఊరికే మోస్తుంది. అందుకని దసరాలోగా ఎలాగైనా పర్మినెంటు కావాలని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.

వాలంటీర్లకు కొదవ లేకపోయింది. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్ల నుంచీ రెండు వందల పన్నెండు మంది పెద్దమనుషులు పేర్లు రాయించుకుని బ్యాడ్జీలు పట్టుకెళ్లారు. మార్కండేయులు రాత్రింబవళ్లు కష్టపడి వాళ్లను విభాగాలు చేశాడు. నిమిరే విభాగంలో ఎనభై మంది, ఓదార్చే విభాగంలో అరవై మంది, ఉపన్యాస విభాగంలో డెబ్బై ఇద్దరు చేరారు. నీళ్లు మోసే విభాగమని కూడా ఒకటి పెట్టాడు. దాని పేరు బాగుందని అందరూ మెచ్చుకున్నారు గానీ అందులో ఎవరూ చేరలేదు. నిమిరే విభాగం మాత్రం ఎంత నిష్ఠగా పనిచేసిందంటే, ఆటోలు వచ్చి టాంగా పోయాక రోడ్డున పడ్డ ముసలి గుర్రం ఒకటుండేది, ఆషాఢానికల్లా దాని వీపు మీద వెంట్రుక మిగల్లేదు.

ప్రతి ఆదివారం జీవాలకు ఉపన్యాసం. అధ్యక్షులు కిషన్ రావు గారు, జిన్నింగు మిల్లు యజమాని, పట్టు లాల్చీ తొడుక్కుని వచ్చి గంటసేపు మాట్లాడేవారు.

"సోదర సోదరీ మూగజీవులారా! మీకు నోరు లేదని కొందరు జాలిపడుతున్నారు. అది వారి అజ్ఞానం. నోరు లేకపోవడమే క్రమశిక్షణకు పరాకాష్ఠ. తొట్టిలో నీళ్లు లేవని మీరు ఏనాడైనా ఒక్క దరఖాస్తు పెట్టారా? ఒక్క ఊరేగింపు తీశారా? లేదు! అందుకే మీరంటే ఈ సంఘానికి అపారమైన గౌరవం."

చప్పట్లు మోగేవి. మొదటి వరుసలో కూర్చోబెట్టిన మూడు కాళ్ల కుక్క ఈగలను కొరుక్కుంటూ వినేది.

మరి నీళ్లు ఎవరు పోస్తున్నారని మీకు అనుమానం వస్తే అది మీ బుద్ధి. యాకమ్మ అని ఒకామె ఉండేది. పాలకుర్తి దిక్కు నుంచి బతకవచ్చి, ఊరి చివర సర్కారు జాగాలో గుడిసె వేసుకుంది. సంఘం పెద్దలు కాపురముండే కాలనీలో పద్దెనిమిది ఇళ్ల వాకిళ్లు ఊడ్చేది. పోతూ పోతూ శరణాలయంలో ఆగి ఇరవై బిందెలు తోడి తొట్టి నింపేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. అయితే ఆమె వాలంటీరు మాత్రం కాదు. వాలంటీరు కావాలంటే ఫారం నింపి ఇంగ్లీషులో సంతకం చేయాలి. నిబంధన నిబంధనే కదా.

"సారూ, జర గా మూడు కాళ్ల కుక్కనన్న నాకియ్యుండ్రి. నేను సాదుకుంట," అని ఒకసారి అడిగింది.

మార్కండేయులు సానుభూతితో విని, రూళ్లు చూపించాడు. జీవాన్ని దత్తత తీసుకునే ఇంటికి ప్రహరీ గోడ ఉండాలి, డ్రాయింగు రూము ఉండాలి, గెజిటెడ్ అధికారి సంతకం చేసిన రెండు ఫోటోలు ఉండాలి. యాకమ్మకు ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. కుక్కకు మాత్రం ఫోటోలు ఉన్నాయి.

ఇక ఈ తాత్కాలిక దత్తత పథకం ఎంత ఘనంగా నడిచిందో చెప్పాలి. శరణాలయంలోని పద్దెనిమిది జీవాలనూ శ్రావణ మాసంలో యాకమ్మ వాకిలి ఊడ్చే ఆ పద్దెనిమిది ఇళ్లకే బాజా భజంత్రీలతో అప్పగించారు. గుర్రం, గుడ్డి మేక అధ్యక్షుల వాటాకు రావలసినవే గానీ, ఒక ఇంటికి ఒకటే జీవమన్న రూలు ప్రకారం ఆయన మేకతో సరిపెట్టుకున్నారు. గుర్రం ఒక వకీలు గారికి పోయింది. అందరికీ ప్రశంసాపత్రాలు ఇచ్చారు. పత్రాలు అద్దాల ఫ్రేములో గోడకెక్కాయి. జీవాలు మూడో రోజుకు ఇల్లు దాటాయి.

ఎట్లా దాటాయంటే, మన దగ్గర ఒక పద్ధతుంది కదా. జీవం ఉండి సాదే తీరిక లేనివాళ్లు, తీరిక ఉండి జీవం లేనివాళ్లకు దాన్ని సగపాలుకు ఇస్తారు. సాదినవాళ్లకు సగం, ఇచ్చినవాళ్లకు సగం. ఈనిన పిల్లల్లోనూ అంతే. బర్రెనో మేకనో అట్లా ఇస్తారు. మూడు కాళ్ల కుక్కను, గాడిదను, టాంగా గుర్రాన్ని సగపాలుకిచ్చిన ఘనత మాత్రం భూమ్మీద మన పెద్దమనుషులకే దక్కింది. "యాకమ్మా, దీన్ని పాలుకు తీస్కపో," అని మొదటి ఇల్లాలు అన్నది. సాయంత్రానికి రెండో ఇంట్లోనూ అదే మాట. వారం తిరిగేసరికి పద్దెనిమిదీ యాకమ్మ గుడిసె ముందు గుంజలకు చేరాయి. యాకమ్మకు సంబరమే సంబరం. జిందగీలో తనకంటూ ఒక కోడిపిల్ల లేని మనిషి, పద్దెనిమిదింటికి సగం యజమానురాలైంది.

గుడ్డి మేక అక్కడ రెండు పిల్లలను ఈనింది. యాకమ్మ పద్ధతి తప్పని మనిషి. ఒక పిల్లను ఎత్తుకుపోయి ఆదివారం పొద్దున అధ్యక్షుల ఇంట్లో అప్పగించింది. ఆ పిల్ల ఏమైందని మనం అడగకూడదు. ఆ సాయంత్రం జీవకారుణ్యం మీద ఉపన్యసిస్తూ కిషన్ రావు గారు మూడుసార్లు తేన్చారు. అంతే మనకు తెలుసు.

భాద్రపదంలో పిడుగులాంటి వార్త వచ్చింది. దత్తత గృహాలను చూడటానికి హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. అన్నీ సవ్యంగా ఉంటేనే పథకం ఉంటుంది, పథకం ఉంటేనే సమన్వయకర్త ఉంటాడు. మార్కండేయులు సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లో ఫ్రేము ఉంది, ఏ ఇంట్లోనూ జీవం లేదు. "యాకమ్మకు పాలుకిచ్చినం గదా," అని అందరూ ఒకే మాట చెప్పారు. ఆయనకు కళ్లముందు మగ్గం కనబడింది.

గుడిసె దగ్గరికి పోయి చూస్తే పద్దెనిమిదీ శుభ్రంగా ఉన్నాయి. గుర్రం వీపున వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"గిదేంది యాకమ్మా, నా కొంప ముంచినవ్!"

"నేనేం జేసిన సారూ? ఆల్లే పాలుకిచ్చిండ్రు. సగం నాయే గద," అంది యాకమ్మ, గాడిద చెవిలో గోమారి పీకుతూ.

మార్కండేయులు అధ్యక్షుల దగ్గరికి పోయి ఉన్న సంగతి చెప్పాడు. తిట్లు తప్పవనుకున్నాడు. కిషన్ రావు గారు విని, లేచి, ఆయన భుజం తట్టారు.

"శభాష్! ఫికర్ ఎందుకయ్యా? విడివిడిగా ఉన్న పద్దెనిమిది ఇళ్లను ఒక్క జాగకు తెచ్చినవ్. ఇది గదా సమన్వయమంటే!"

మరునాడే పద్దెనిమిది గుంజలకూ పద్దెనిమిది ఇత్తడి నేమ్ ప్లేట్లు కొట్టించారు. వకీలు గారి నివాసం, డాక్టరు గారి నివాసం, అధ్యక్షుల నివాసం. ప్రతి గుంజ ముందూ ముగ్గు వేశారు. వేసింది యాకమ్మే.

తనిఖీ అధికారి నియమనిష్ఠలు గల మనిషి. గుంజ గుంజకూ ఆగి, చెప్పులు విడిచి, "లోపలికి రావచ్చునా" అని అడిగి మరీ ప్రవేశించాడు. ఇంటికొక ఫారం చొప్పున పద్దెనిమిది ఫారాలు నింపాడు. జీవం ఆరోగ్యం: భేష్. ఇంటి పరిశుభ్రత: భేష్. ఇంట్లో ఇతరులెవరైనా ఉన్నారా అన్న గడి దగ్గర ఆయన కలం ఆగింది. వకీలు గారింట్లో బిందె పట్టుకుని ఒక ఆడమనిషి ఉంది. డాక్టరు గారింట్లోనూ ఆమే. అధ్యక్షుల ఇంట్లోనూ ఆమే.

"ఎవరీమె? వాలంటీరా?"

"కాదు సార్," అన్నాడు మార్కండేయులు. నిజమే కదా.

"దత్తత తీసుకున్న కుటుంబమా?"

"కాదు సార్." అదీ నిజమే.

అధికారి ముఖం గంభీరమైంది. అక్కడికక్కడే నివేదిక రాశాడు. పథకం దేశానికే ఆదర్శం. లోపం ఒక్కటే. సంఘంతో ఏ సంబంధమూ లేని ఒక స్త్రీ పద్దెనిమిది గౌరవనీయుల గృహాల్లోనూ అక్రమంగా సంచరిస్తున్నది. ఇరవై నాలుగు గంటల్లో ఆమెను ఖాళీ చేయించిన పక్షంలో సమన్వయకర్తను పర్మినెంటు చేయవచ్చును.

మార్కండేయులు నోరు తెరిచాడు. సార్, ఈ జీవాలు బతికున్నది ఈమె వల్లే అని చెబుదామనే తెరిచాడు, అబద్ధమెందుకు. అప్పుడే కిషన్ రావు గారు జేబులోంచి పర్మినెంటు ఆర్డరు కొస చూపించారు. మార్కండేయులు నోరు మూసుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే నోటీసు టైపు చేశాడు, రెండు కార్బన్ కాపీలతో.

నోటీసు విని యాకమ్మ బిందె దించింది. తర్వాత కొంగు దోపుకుంది.

"పొమ్మంటె పోత సారూ, మా ఊరికే పోత. గని పాలు తెంపుండ్రి. నా సగం నాకియ్యుండ్రి."

పెద్దమనుషులు అత్యవసర సమావేశం పెట్టుకుని, వ్యవహారం బజారున పడకుండా ఒప్పుకున్నారు. పాలు తెంపేటప్పుడు సాదినవాళ్లు రెండు కుప్పలు పెట్టాలి, ఇచ్చినవాళ్లు అందులోంచి ఏరుకోవాలి. యాకమ్మ తొమ్మిది తొమ్మిదిగా నిలబెట్టింది. ఒక వరుసలో వెంట్రుకలొచ్చిన గుర్రం, నిగనిగలాడే కోడెదూడ, కాసింత కండపట్టినవన్నీ ఉన్నాయి. రెండో వరుసలో మూడు కాళ్ల కుక్క, గాడిద, గుడ్డి మేక, కుంటివి, ముసలివి. చదువు లేని మనిషికి లెక్క తెలియలేదని పెద్దమనుషులు ఒకరినొకరు గిల్లుకుని మొదటి వరుసను ఏరుకున్నారు. యాకమ్మ కుక్కను చంకనెత్తుకుంది. ఆమె ముఖం చూసిన మార్కండేయులుకు మాత్రం, ఈమెకు కావలసినవే ఈమెకు దక్కాయని అర్థమైంది. గాడిద ముందు, మేక వెనక, మేకపిల్ల దాని వెనక, అంతా పాలకుర్తి రోడ్డు పట్టి పోయారు.

పెద్దమనుషులు గెలుచుకున్న తొమ్మిదింటినీ ఎవరింటికి వారు తీసుకుపోతారేమోనని మీరనుకుంటే నేనేం చేయను? అవి శరణాలయానికే తిరిగొచ్చాయి. అదే రోజు మార్కండేయులు పర్మినెంటయ్యాడు. బుచ్చిరాములు ఆర్డరును అటూ ఇటూ తిప్పి చూసి, మగ్గం దగ్గరికి పోయాడు.

తెల్లారేసరికి తొట్టి ఎండిపోయింది. రెండో రోజు గుర్రం తొట్టి అడుగు నాకింది. మార్కండేయులు రెండు వందల పన్నెండు మంది వాలంటీర్లకూ సర్క్యులర్ పంపాడు. నీళ్లు మోయుటకు వారానికొక పూట రావలసిందనీ, రాలేనివారు తమ తరఫున ఒకరిని పంపవలసిందనీ. సంఘం చరిత్రలో ఎన్నడూ లేనిది, సాయంత్రంలోగా రెండు వందల పన్నెండు జవాబులూ వచ్చాయి. అక్షరం తేడా లేదు. "నేను రాలేను. నా తరఫున యాకమ్మను పంపుతున్నాను."

రూలు ప్రకారం సమన్వయకర్త కూడా వాలంటీరే. ఆయన జవాబు ఒక్కటే మిగిలింది. బావి పది అడుగుల దూరంలో ఉంది. బిందె గట్టు మీదే ఉంది. గుర్రం మెడ చాచి ఆయన వైపే చూస్తోంది. మార్కండేయులు లేచాడు, బిందె దాకా నడిచాడు, ఒకసారి ఎత్తి చూశాడు. ఖాళీ బిందె కూడా బరువుగానే అనిపించింది. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, కలం మూత తీసి, "నేను రాలేను" అని మొదలుపెట్టి మిగతాది కూడా రాశాడు.

ఆయన్ను తప్పుపట్టదలచినవారు ముందుకు రావచ్చు. కాకపోతే వచ్చేముందు, ఈ పొద్దున మీ వాకిలి ఊడ్చి పోయినామె పేరేమిటో చెప్పి రండి.