స్పోర్ట్స్ కారులో అత్తగారి తనిఖీ

ఆ బుధవారం పొద్దున్న వాతావరణం వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి కారు వస్తుంది. ఒక్కడే ఎక్కి ఊరి చివరిదాకా పోయి వస్తాడు. పదకొండింటికల్లా ఆఫీసుకి ఫోన్ చేసి వ్యాసం చెప్పేస్తాడు. పదకొండేళ్ళుగా పోతూ వస్తున్న పరువు దాంతో ఒక్కసారిగా వెనక్కి వస్తుంది.

వాతావరణం అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు లెండి. ఆయన ఒక మోటారు వారపత్రికలో "రేపటి బండి" అనే శీర్షిక రాస్తాడు. ఏ కంపెనీ ఏ కారుకి ఏ మార్పులు చేయబోతోందో ముందుగానే జోస్యం చెప్పడం ఆయన పని. తలుపులు పైకి లేస్తాయని ఆయన రాస్తే అవి బుద్ధిగా పక్కకే తెరుచుకునేవి. ఇకమీదట అద్దాలుండవు, అన్నీ కెమెరాలే అని రాస్తే ఆ బండి ఇంకో అద్దం ఎక్కువ తగిలించుకుని వచ్చేది. రేడియోలో వాన అనగానే జనం గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళినట్టు, ఈయన రాసిందానికి తలకిందులే జరుగుతుందని నమ్మి బండ్లు కొనుక్కునేవాళ్ళు కూడా ఉన్నారు. అలా ఆ పేరు స్థిరపడిపోయింది.

ముందురోజు సాయంత్రం సంపాదకుడు గదిలోకి పిలిచాడు.

"ఇదిగోనయ్యా, శుక్రవారం ఆ ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు మిడ్‌లైఫ్ రిఫ్రెష్ విడుదల చేస్తున్నారు. ఏం మారుతుందో ఏడు సంగతులు చెప్పు. నాలుగైనా నిజం కావాలి. కాలేదా, శీర్షిక ఎత్తేసి నిన్ను గళ్ళనుడికట్టుకి మార్చేస్తా."

"సార్, నాకు అడ్డమూ నిలువూ సరిగ్గా రావు సార్."

"నీకు ఏదొచ్చింది కనక? అయినా పదకొండేళ్ళు భరించలా?"

మిడ్‌లైఫ్ రిఫ్రెష్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కారు వచ్చిన మూడు నాలుగేళ్ళకి, కొత్తది చేసే ఓపిక లేక, ఉన్నదానికే మెరుగులు దిద్ది మళ్ళీ వీధిలోకి వదులుతారు. ఏ మెరుగులు దిద్దుతారో కనిపెట్టాలంటే పాత బండిలో ఒకసారి తిరగాలి. అందుకే వాతావరణం షోరూమువాళ్ళని బతిమాలి ఆ పాత బండిని రెండు గంటలకి అడిగి తెచ్చుకున్నాడు. మనసులో ఏడు జోస్యాలూ ముందే సిద్ధం చేసుకున్నాడు. వెయ్యి గుర్రాల బలం, రెండు సెకన్లలో వంద వేగం, పైన రంగులు మారే గాజు, ఇలాంటివే అన్నీ.

తాళం చేతిలో తిప్పుకుంటూ గుమ్మం దిగబోతుంటే భార్య పిలిచింది.

"ఏమండీ, ఎటూ కారులో పోతున్నారుగా, అమ్మని పళ్ళ డాక్టరు దగ్గర దింపెయ్యండి. పదింటికి కట్టుడుపళ్ళు పెడతాడట."

"ఇది స్పోర్ట్స్ కారు కదే. రోడ్డుకి జానెడు ఎత్తులో ఉంటుంది. పెద్దావిడ ఎలా ఎక్కుతారు?"

"ఎక్కడం అమ్మ చూసుకుంటుంది. దింపడం మీరు చూసుకోండి."

అత్తగారి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆవిడ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు నాణ్యత తనిఖీ చేసి రిటైరైంది. లోపం కనబడితే గట్టిగా అంకె వేసి మరీ చదవడం ఆవిడ అలవాటు. "ఒకటి, సూది వంకర. రెండు, చక్రం బిగువు." పక్కన గుమాస్తా రాసుకునేవాడు. అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఆయన్ని కూడా ఒకసారి పక్కకి తిరగమని చూసిందట. ఆ రోజు ఏ అంకె దాకా వెళ్ళిందో ఇంట్లో ఎవరూ ఆయనకి చెప్పలేదు.

కారు తలుపు దగ్గరే అత్తగారు ఆగిపోయింది. చేత్తో ఇటు తడిమింది, అటు తడిమింది.

"పిడి ఏదీ అల్లుడుగారూ?"

"లోపలికి దాక్కుని ఉంటుందండీ, అత్తయ్యగారూ. అక్కడ నొక్కితే బయటికొస్తుంది."

"దొంగలకి భయపడి దాక్కుందా, ఎక్కేవాళ్ళకి భయపడి దాక్కుందా?"

ఎలాగో తలుపు తెరుచుకుంది. ఆవిడ సీట్లోకి దిగింది అనడం కన్నా పడింది అనడం న్యాయం. బండి కదలగానే స్పీకర్లలోంచి గుర్రుమని చప్పుడొచ్చింది. ఎలక్ట్రిక్ బండికి చప్పుడుండదు కనక, కొన్నవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా కంపెనీవాళ్ళే ఆ గుర్రు తయారుచేసి పెట్టారు. అత్తగారు ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత కళ్ళు చిన్నవి చేసి డాష్‌బోర్డు వైపు చూడసాగింది.

రెండు వీధులు దాటారో లేదో రోడ్డు పనులు అడ్డమొచ్చాయి. బండ్లన్నీ బారులు తీరి నిలబడ్డాయి. పదైపోయింది. పదీ పావైంది. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టుందే అనుకుని వాతావరణం బండికున్న స్పీకరు ఫోన్లోనే ఆఫీసుకి కలిపాడు.

వ్యాసం ఫోన్లో చెప్పడానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆయన చెబుతుంటే టైపిస్టు కొట్టుకోవాలి. మధ్యలో నోరు విప్పకూడదు. ఒకసారి పాపం ఆ అమ్మాయి "హలో, ఉన్నారా సార్?" అన్నందుకు, వచ్చిన ఆలోచన కాస్తా ఎగిరిపోయిందని అరగంట చీవాట్లు పెట్టాడు. విన్నది విన్నట్టు కొట్టాలి, అంకె కూడా వదలకూడదు, "శుభం" అనే మాట వినబడేదాకా ఫోన్ పెట్టకూడదు. అక్కడితో వ్యాసం అయిపోయినట్టు. ఆ తర్వాత అది నేరుగా ప్రెస్సుకి పోతుంది. అచ్చుకి ముందు చదివితే రక్తపోటు పెరుగుతోందని సంపాదకుడు ఆ శీర్షిక చదవడం ఎప్పుడో మానేశాడు.

"రాసుకో అమ్మాయ్," అని వాతావరణం గొంతు సవరించుకున్నాడు. "ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు మెరుగుల్లో రాబోయే ఏడు మార్పులివి."

సరిగ్గా అప్పుడే ముందు బండి కదిలింది. ఈయనా కదిలాడు. ఎదురుగా స్పీడ్ బ్రేకర్. కారు ముక్కు దానికి గీసుకుని కర్రుమంది. అది అరువు బండి! ఫోన్ ఆపేద్దామని కంగారుగా డాష్‌బోర్డులోని గాజు పలక మీద ఎర్రటి బొమ్మ నొక్కాడు. అది ఫోన్ ఆపే బొమ్మ కాదు, సీటు వేడిచేసే బొమ్మ. ఫోన్ పోయిందనుకుని ఆయన నిట్టూర్చాడు. ఆఫీసులో టైపిస్టు కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు, "ఇక నావల్ల కాదు. మొదటినుంచీ చెబుతా వినండి. ఒకటి, తలుపుకి చేతికి అందే పిడి ఉండాలి."

"అవునండీ అత్తయ్యగారూ."

"రెండు, తలుపు తియ్యగానే సీటు పైకి లేచి మనిషిని లేపాలి. ఇది సీటు కాదు, గొయ్యి. మూడు, గతుకు రాగానే ముక్కు దానంతటది పైకెత్తుకోవాలి. ఒకసారి గీసుకున్న చోటు గుర్తుపెట్టుకోవాలి. గేదెకి కూడా ఆ మాత్రం గుర్తుంటుంది."

"నిజమేనండీ."

"అయ్యో, కింద కాలుతోందేమిటండీ?"

ఆయన పలకంతా తడిమాడు. పాట వచ్చింది, అద్దాలు ముడుచుకున్నాయి, వెనక వైపరు ఊగింది. కింద సెగ మాత్రం తగ్గలేదు.

"నాలుగు!" అని కేక పెట్టింది అత్తగారు. "చల్లదనానికీ వేడికీ చేత్తో తిప్పే గుండీలు ఉండాలి! అయిదు, ఇంజనే లేని బండికి ఈ గుర్రెందుకు? నోరు మూసే మీట ఉండాలి. ఆరు, మూడొందల కిలోమీటర్లు పోతానన్న బండి నాలుగు వీధులకే రెండొందల నలభై అంటోంది. మా మిషన్లేవీ ఇలా అబద్ధం ఆడలేదు. నిజం చెప్పే మీటరు పెట్టాలి."

"బాగా చెప్పారండీ," అన్నాడు అల్లుడు చెమట తుడుచుకుంటూ. అత్తగారి మాటకి అడ్డుచెప్పిన చరిత్ర ఆయనకి లేదు.

ఆ మీటరు భయానికే దారిలో చార్జింగ్ స్టేషనుకి తిప్పాడు. తీగ కుడివైపు, కారు రంధ్రం ఎడమవైపు. బండి తిప్పి పెడదామంటే వెనక మూడు బండ్లు హారన్ల మోత. దిగి తీగ లాగాడు, అందలేదు. "ఏడు, రెండువైపులా పెట్టాలి ఆ కన్నం," అని అత్తగారు లోపలినుంచే తీర్పు చెప్పేసింది.

డాక్టరు గుమ్మానికి చేరేసరికి పదకొండుకి అయిదు నిమిషాలుంది. అత్తగారిని సీట్లోంచి లేపడానికి అల్లుడు ఒక చెయ్యి, నర్సు ఒక చెయ్యి, లోపల పన్ను పీకించుకోవడానికి కూర్చున్నవాడు లేచొచ్చి ఇంకో చెయ్యి వేశారు. మూడో ఊపుకి ఆవిడ బయటపడింది. అప్పుడు నర్సు, పదింటివాళ్ళ వంతు అయిపోయిందనీ, మళ్ళీ రేపు రావాలనీ చెప్పింది.

"శుభం!" అంది అత్తగారు, తెరిచి ఉన్న కారు తలుపు మీద చెయ్యి వేసి.

ఆఫీసులో టైపిస్టు ఫోన్ పెట్టేసి, పేజీ ప్రెస్సుకి పంపేసింది.

వాతావరణం ఆదరాబాదరా మళ్ళీ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, రాసుకో. ఒకటి, వెయ్యి గుర్రాల బలం..."

"అదేంటి సార్, అంతా వచ్చేసింది. ప్రెస్సుకి కూడా పంపేశాను."

"ఏం వచ్చేసింది?"

"ఏడూ సార్! ఎవరో నిపుణురాలిని పక్కన కూర్చోబెట్టుకున్నారు కదా. ఎంత వివరంగా చెప్పారండీ! మీరు కూడా అవునండీ, నిజమేనండీ అంటున్నారు. గేదె మాట కూడా వదల్లేదు సార్."

వాతావరణం ప్రెస్సుకి పరిగెత్తాడు గాని, అప్పటికే కాగితాలు కట్టలు కడుతున్నారు.

గురువారం పొద్దున్న ఊరంతా నవ్వింది. స్పోర్ట్స్ కారుకి లేవదీసే సీటట! వేగం ఊసే లేదట! మోకాళ్ళ నొప్పుల వైద్యుడొకాయన తన ప్రకటన ఇకనుంచి ఆ శీర్షిక పక్కనే వెయ్యమని ఫోన్ చేశాడు. సంపాదకుడు పిలిచి, ఏమీ తిట్టకుండా, గళ్ళనుడికట్టు పాత ప్రతులు ఒక కట్ట చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండుననిపించింది. పదకొండేళ్ళు తప్పులే రాసినా అది తన శీర్షిక. వారానికోసారి రేపటి గురించి ఊహించుకోవడంలో ఉన్న ఆనందం ఆయనకి ఇంకెక్కడా దొరకలేదు.

శుక్రవారం ఆఫీసంతా టీవీ ముందు చేరింది. చూడ్డానికి కాదు, నవ్వడానికి. వాతావరణం వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. కంపెనీ ప్రధాన ఇంజనీరు, నెరిసిన జుట్టావిడ, కారు మీద గుడ్డ లాగింది.

"బలం పెంచలేదు," అందావిడ మొదటే. "వేగం ముందునుంచీ చాలినంత ఉంది. మనుషులకి ఏం కావాలో అది చూశాం. ఇదిగో, చేతికి అందే పిడి."

ఆఫీసులో ఎవరో కిసుక్కున నవ్వి, ఆగిపోయారు.

తలుపు తీసింది. సీటు మెల్లగా పైకి లేచింది. నవ్వు పూర్తిగా పోయింది. కారు ముక్కు పైకెత్తుకుంది, ఎత్తిన చోటు గుర్తుపెట్టుకుంది. తిప్పే గుండీలు వచ్చాయి. గుర్రు ఆపే మీట వచ్చింది. మీటరు ఇకనుంచి నిజం చెబుతుందని ఆవిడ కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. ఇక ఏడోదానికి ఆఫీసంతా లేచి నిలబడింది. "రెండువైపులా!" అని సంపాదకుడే గొంతు చించుకున్నాడు. ఇంజనీరమ్మ కారు చుట్టూ నడిచి రెండో మూత కూడా తెరిచి చూపించింది.

ఇక చూడండి! వాతావరణాన్ని ఎత్తి బల్ల మీద నిలబెట్టారు. గళ్ళనుడికట్టు కట్టని ఎవరో కిటికీలోంచి విసిరేశారు. "ఎలా కనిపెట్టారు సార్?" అని అందరూ అడుగుతుంటే, ఆయన మీసం సవరించుకుని, "అనుభవం," అన్నాడు. టైపిస్టు ఆయన వైపు ఒక్క చూపు చూసి తన కీబోర్డు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ వైభోగం శనివారం పొద్దుటిదాకా నిలిచింది. ఆ పొద్దున్న ఇంజనీరమ్మ, వెంట ఒక లాయరు ఆఫీసుకి వచ్చారు.

"మా డిజైన్ గదికి మూడు తాళాలు," అన్నాడు లాయరు. "ఏడుకి ఏడూ ముందే అచ్చువేశారు. మీకు చెప్పిన లోపలి మనిషెవరు? చెబుతారా, కోర్టుకి వస్తారా?"

వాతావరణం అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. తన గొప్పే అంటే దొంగ అవుతాడు. నిజం చెబితే నిన్నటి బల్ల మీద నుంచి దిగాలి. సంపాదకుడు, టైపిస్టు, అందరూ చూస్తున్నారు.

"మా అత్తగారండీ."

"ఆవిడ ఏ కార్ల కంపెనీలో ఉన్నారు?"

"రిటైరయ్యారండీ. కుట్టుమిషన్లు."

లాయరు నమ్మలేదు. ముగ్గురూ కలిసి కొత్త కారులోనే వాతావరణం ఇంటికి బయల్దేరారు. అత్తగారు కొత్త పళ్ళతో, వరండాలో కూర్చుని ఉంది. వచ్చిన పని విని, నవ్వి, ఇంజనీరమ్మనే ఎదురు ప్రశ్న వేసింది.

"ఈ ఏడూ కనిపెట్టడానికి మీరెంతమంది కూర్చున్నారమ్మా?"

"నలభైమందిమండీ. రెండేళ్ళు."

"నాకు పళ్ళ డాక్టరు దాకా పట్టింది," అంది అత్తగారు. "రోడ్డు పనులు లేకపోతే ఇంకా ముందే అయిపోయేది."

ఇంజనీరమ్మ ఆవిడ పక్కన బల్ల మీద కూలబడింది. "ఆ గుండీల కోసం నేను మావాళ్ళందరితో ఏడాదిన్నర పోట్లాడానమ్మా. ముసలి ఆలోచన అన్నారు," అంది. అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "మంచి పనివాళ్ళని అలాగే అంటారులే," అంది. లాయరు మాత్రం ఇంకా కారు వెనక సీట్లోనే ఉన్నాడు. ఫైలు పట్టుకుని దిగడానికి ప్రయత్నిస్తున్నాడు. పావుగంటైనా దిగలేకపోయాడు. ఇంజనీరమ్మ అటు చూసి, నిట్టూర్చి, సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

కోర్టు మాట మళ్ళీ రాలేదు. వాతావరణం సోమవారం సంపాదకుడి గదిలోకి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాడు.

"సార్, ఆ ఏడింట్లో ఒక్కటీ నాది కాదు. శీర్షిక తీసేసుకోండి."

సంపాదకుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పదకొండేళ్ళలో నీ నోట వచ్చిన మొదటి నిజం ఇదేనయ్యా," అన్నాడు. "ఇప్పుడెలా తీసెయ్యను? పో, పోయి రాసుకో."

"రేపటి బండి" ఇప్పటికీ ఆయన పేరుతోనే వస్తోంది, ఒక్క జోస్యమూ తప్పడం లేదు; కాకపోతే ఏ కంపెనీ బండి తెప్పించాలన్నా సంపాదకుడు ముందు అత్తగారికి ఫోన్ చేసి, ఆవిడకి ఏ రోజు తీరికో కనుక్కుంటున్నాడు.