అమ్మమ్మ రివాల్వర్, మెచ్చుకోలు శాఖ

గుర్తింపు లేని వస్తువు ఉన్నా లేనట్టేనని ప్రాచీన ఆయుధాల గుర్తింపు మరియు మెచ్చుకోలు శాఖ వారు సెలవిచ్చారు. కనుక పాత రివాల్వర్లున్న వారంతా శనివారం లోగా వాటిని గుర్తింపజేసుకుని, మెచ్చుకోలు ముద్ర వేయించుకోవలెను. ముద్ర లేనివి సోమవారం కొలిమికి పోవును. (మెచ్చుకోవడం ఆఫీసు వేళల్లో మాత్రమే. ఒంటిగంట నుంచి రెండు దాకా ఎవరూ దేన్నీ మెచ్చుకోరు.)

వాచీల మేస్త్రీ శనివారం పొద్దున్నే అమ్మను వెంటబెట్టుకుని వరసలో నిలబడ్డాడు. తల మీద పట్టుమని పది వెంట్రుకలు లేని మనిషి. చిన్న స్ప్రింగు కనిపిస్తే చాలు, లోకం మరిచిపోతాడు. ఆయన చేతిసంచిలో అమ్మమ్మ రివాల్వర్ ఉంది. అమ్మమ్మ ఒకప్పుడు సర్కస్‌లో ఉయ్యాల ఊగుతూ బెలూన్లు పేల్చేది. ఆవిడ గుర్తుగా ఇంట్లో మిగిలింది అదొక్కటే. అది కొలిమికి పోతుందేమోనని మూడు రోజులుగా అమ్మకు ముద్ద దిగడం లేదు.

అది డబుల్ యాక్షన్ రివాల్వర్. మామూలు పాత రకంలో ముందు సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కాలి. దీనికా బాధ లేదు. ఒక్క నొక్కుకే సుత్తి లేస్తుంది, తూటాల చక్రం తిరుగుతుంది, సుత్తి పడుతుంది. (ఒక్కసారి అడిగితే మూడు పనులు జరగడమేమిటని శాఖ వారికి మొదటి నుంచీ అనుమానమే.)

గుర్తింపు అధికారి భూతద్దం పెట్టి చూశాడు.

"ట్రిగ్గర్ చూస్తే అరిగి అద్దంలా ఉంది. సుత్తి మీద బొటనవేలు జారకుండా పెట్టే గాట్లేమో నిన్న చెక్కినట్టున్నాయి. సుత్తి మార్చేశారండీ. ఇదో అతుకుల బొంత."

మేస్త్రీకి హుషారు ముంచుకొచ్చింది. "అక్కడే ఉందండీ అసలు అందం! ఊగే ఉయ్యాల మీద సుత్తి లాగే తీరిక ఎక్కడిదండీ? మా అమ్మమ్మ బొటనవేలు ఆ సుత్తిని ముట్టుకున్న పాపాన పోలేదు. ఎన్ని వేలసార్లు పేల్చినా ట్రిగ్గరు నొక్కే పేల్చింది. అందుకే అదొక్కటే అరిగింది. ఈ అరుగుదలలో మా అమ్మమ్మ కనబడట్లేదూ?"

అధికారికి నిజంగానే ముచ్చటేసింది. "బాగుందండీ. పనిచేస్తుందా మరి?"

"బ్రహ్మాండంగా!"

అమ్మ మోచేత్తో పొడిచింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"పనిచేస్తే ఆయుధం. కొలిమికి."

"అబ్బే, పనిచేయదండీ!"

"పనిచేయకపోతే డబుల్ యాక్షన్ ఎలా అవుతుంది? తప్పుడు వివరం. కొలిమికే."

(పనిచేసినా, చేయకపోయినా కొలిమికే అనే పద్నాలుగో నిబంధన ఇంతవరకూ అందరినీ ఒకేలా చూసింది. శాఖ మీద పక్షపాతం అన్న మాట రాలేదు.)

"అయినా ఆఖరి మాట నాది కాదులెండి, యాప్‌ది" అంటూ అధికారి ఫోన్ ఎత్తి ఫొటో తీశాడు. యాప్ కాసేపు గిరగిరా తిరిగి తేల్చి చెప్పింది: హెయిర్ డ్రయ్యర్. నమ్మకం తొంభై నాలుగు శాతం.

"అన్యాయమండీ! ఇంత పనితనమున్న..."

"ఒరేయ్, నోర్ముయ్!" అంది అమ్మ. "డ్రయ్యరంటే డ్రయ్యరే. మా అమ్మకి జడ మోకాళ్ల దాకా ఉండేది. రాసుకోండి బాబూ!"

రాసుకున్నాడు. యజమాని: వాచీల మేస్త్రీ. వస్తువు: హెయిర్ డ్రయ్యర్. రకం: డబుల్ యాక్షన్ (వేడి గాలి, చల్ల గాలి). మెచ్చుకోలు: "ఆహా", మూడు ప్రతులు. ఆ రోజు వచ్చిన నలభై ఒక్క రివాల్వర్లలో నలభై సరిగ్గా గుర్తింపు పొంది కొలిమి గదికి వెళ్లాయి. తప్పుగా గుర్తించిన ఇదొక్కటే బతికి బట్టకట్టింది. అమ్మ దాన్ని గుండెకు హత్తుకుని నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

మేస్త్రీ పత్రం వెనకవైపు చదివాడు. "యజమాని ప్రతి ఏటా ఇదే తేదీన తడి జుట్టుతో హాజరై, డ్రయ్యర్ సక్రమంగా వాడుకలో ఉన్నట్టు చూపవలెను. లేనిచో కొలిమి."

"నా పేరు మీద రాయండి బాబూ, నాకు బోలెడు జుట్టుంది" అంది అమ్మ.

"పేరు మార్చాలంటే ముందు అది పనిచేస్తోందని చూపించాలమ్మా."

మేస్త్రీ తల తడుముకున్నాడు. "మరి నాకు జుట్టే లేదు కదండీ?"

అధికారి గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"ఇంకా ఏడాది టైముంది కదండీ" అన్నాడు భరోసాగా.