ఇవాబుచి గారి తీర్పు, ఈగల ధిక్కారం

జపాన్ నగరం సెందాయ్‌లోని మా పరిశోధనాలయంలో పండ్ల ఈగలు సైతం ప్రొఫెసర్ ఇవాబుచి గారి మాటకు కట్టుబడి ఉండాలన్నది నియమం. మాకందరికీ ఆయన 'సెన్సే', అంటే గురువుగారు. ఈగ మెదడులో నాడీకణాలను సాకుతూ ఉండే గ్లియా కణాల మీద ఆయన తీర్పు ఎప్పుడో వెలువడింది: ఒకే ఆకారంలో ఉన్నవన్నీ ఒకే పని చేస్తాయి. ఆ తీర్పుకు పతకం కూడా వచ్చింది. పతకం వచ్చాక ఈగలు మాట తప్పడం మర్యాద కాదు.

మర్యాద తెలియని ఈగలన్నీ మినెగిషి చేతిలో పడ్డాయి. ఆమె ఏడాది ఒప్పందం మీద పనిచేసే పరిశోధకురాలు. పొదల్లా కొమ్మలేసిన కణాలను విడదీసి, దేనిలో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో చూసింది. చూపుకు కవలలే. లోపల మాత్రం ఒకదానిలో తిండి అందించే జన్యువులు, మరోదానిలో చెత్త ఎత్తే జన్యువులు.

సమావేశంలో ఆ ఫలితాల బొమ్మలు చూపించింది.

"మినెగిషి గారూ, ఈగలకు మేత సరిగ్గా పెడుతున్నారా?" అన్నారు ప్రొఫెసర్.

"పెడుతున్నానండీ సెన్సే. ఎన్నిసార్లు చూసినా ఇలాగే వస్తోంది."

"మన ఈగలు అలాంటివి కావే!"

సహాయాచార్యుడు నుకాగా తల పంకించాడు. "సెన్సే చెప్పాక కూడా కణాలు ఇలా చేస్తున్నాయంటే పెంపకం లోపమేనండీ." ఆ మాటలోని లోతుకు మేమంతా ముగ్ధులమయ్యాం.

"పత్రికకు పంపనివ్వండి. తప్పయితే నన్నే తిట్టండి," అంది మినెగిషి.

పంపనివ్వలేదు. మార్చిలో ఆమె ఒప్పందం పొడిగించలేదు. వీడ్కోలు విందులో పూలగుత్తి ఇచ్చి, మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాం. "ఏడవలేదు చూశారా, గట్టి మనిషే!" అని నుకాగా మెచ్చుకున్నాడు.

వేసవిలో ఒక విదేశీ ప్రయోగశాల అదే సంగతి ప్రకటించి పేరు కొట్టేసింది. ఇవాబుచి గారు వెంటనే విలేకరులను పిలిచారు.

"ఆకారం చూసి మోసపోవద్దని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను! భిన్నత్వానికి మా ప్రయోగశాలలో దక్కే గౌరవం మరెక్కడా దక్కదు!"

ఒక విలేకరి లేచాడు. మినెగిషి గురించి అడుగుతాడేమోనని మేమంతా నేలచూపులు చూశాం.

"సెన్సే, ఇంత చురుకైన మెదడు కోసం పొద్దున్నే ఏం తింటారు?"

"నాటో," అన్నారాయన వినయంగా.

మర్నాటికల్లా ఊళ్ళో ఆ పులిసిన సోయా గింజల పొట్లం ఒక్కటీ మిగల్లేదు. ట్యూషన్లు చెప్పుకుంటున్న మినెగిషి కూడా ఎప్పటిలా కొనుక్కుందామని వెళ్ళింది.

"ఇంత ఆలస్యంగా వస్తే ఎలాగమ్మా?" అందట దుకాణం ఆవిడ. "తెలివైనవాళ్ళంతా పొద్దున్నే పట్టుకుపోయారు."