నక్కగారి కబుర్ల గుంపు

ఒక పెద్ద అడవిలో జంతువులకి పని తక్కువ, కబుర్లు ఎక్కువ. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని అందరితో మాట్లాడుకోవడానికి గోరువంకల్ని పెట్టుకున్నారు. ఎవరేమన్నా దగ్గరి గోరువంక పక్కచెట్టు గోరువంకకి అందిస్తుంది, అది ఇంకోదానికి. రెప్పపాటులో ఆ మాట గుంపులో అందరి చెవినా పడుతుంది.

అక్కడో ఆచారం ఉంది. గుంపులో మొదట అడుగుపెట్టినవాడే పెద్ద. వాడు గెంటేయమన్నవాడి మాట గోరువంకలు ఆ గుంపుకి మోయవు. పెద్దరికానికి బుద్ధితో పనిలేదు, పెందలాడే లేస్తే చాలు. నక్క లేచింది.

పొద్దున్నే "శుభోదయం" అనేది ఎలుగుబంటి. "మీకూ శుభోదయం" అని మధ్యాహ్నం దాకా మిగతావాళ్లు. నక్క నోరు తెరవకముందే "అద్భుతం నక్క బావా!" అనేది కుందేలు. శుభోదయానికి బదులివ్వలేదని ఏనుగుని గెంటేశారు. ఇలా గెంటించుకున్నవాళ్లంతా చేరి వేరే గుంపు పెట్టుకున్నారు.

ఎండాకాలం. తూర్పు గడ్డిలో కొత్తగా ఈనిన లేడికి పొగ వాసన తగిలింది. పిల్లకింకా కాళ్లు నిలవలేదు. తల్లి గుంపులో కేకేసింది.

"నిప్పంటుకుంది! ఎవరైనా రండి, నా బిడ్డ నడవలేదు!"

"ఇది సొంత గోడు చెప్పుకునే చోటు కాదమ్మా," అంది నక్క. "ఇవాళ మన చర్చ అడవి వైభవం గురించి."

"ఆ వైభవమే తగలబడుతోంది, మహానుభావా!"

"నాకే ఎదురు చెబుతావా? గెంటేయండి! ఇకమీదట నేను తప్ప ఎవరూ మాట్లాడకూడదు."

"అద్భుతం!" అన్న కుందేలు మాటని కూడా గోరువంకలు మోయలేదు.

లేడి ఏడుస్తూ రెండో గుంపులో మొరపెట్టుకుంది. "భయపడకు చెల్లెమ్మా, వస్తున్నా," అంది ఏనుగు. వచ్చి పిల్లని తొండంతో ఎత్తుకుంది. ఆ గుంపువాళ్లంతా ఏరు దాటేశారు.

మంట తన గుహ దాకా వచ్చాక నక్కకి చెమటలు పట్టాయి. "బాబోయ్! ఏరు దాటే రేవు ఎటువైపు? చెప్పండ్రా!"

ఆ ప్రశ్నని గోరువంకలు అందరికీ చేరవేశాయి. "దిగువన బావా, దిగువన!" అని కుందేలు గొంతు చించుకుంది. ఒక్క గోరువంకా ముక్కు విప్పలేదు. నక్కగారి ఆజ్ఞ మరి! దాన్ని ఎత్తేయాలని ఆ గాభరాలో నక్కకి తట్టలేదు.

జవాబు రాకపోయేసరికి "ఎగువకే పదండి!" అని నక్క పరుగెత్తింది. గుంపంతా అలవాటుకొద్దీ దాని వెనకే పడింది. రేవు తెలిసిన కుందేలు కూడా. అందరూ ఒళ్లు కాల్చుకుని తేలారు.

నీతి: మిమ్మల్ని గుంపులోంచి గెంటేసినవాడికి ఓ దణ్ణం పెట్టండి, బతికించింది వాడే.