కొత్త గుమ్మం, తొలి ఘటం

అమ్మవారి సంబరాన్ని పురస్కరించుకొని జగన్నాధం మాస్టారి ఇంటి ముందువైపు వెనకగానూ, వెనకవైపు ముందుగానూ మార్చబడినవి. వీధి తలుపుకు గడియ పడింది. పెరటి గోడ పగలగొట్టి, మామిడి తోరణాలతో సింహద్వారం నిలబెట్టారు. రాజాం దగ్గరున్న మన ఊళ్ళో ఇది వింతేమీ కాదు. సంబరం రోజుల్లో ఏది ముందో ఏది వెనకో తేల్చేది అమ్మవారి ఘటం నడిచే దారే.

ఘటం తొలుత ఎవరి గుమ్మంలో ఆగి పసుపునీళ్ళు పోయించుకుంటుందో, ఏడాది పొడుగునా వాళ్ళ మాటకు ఊళ్ళో ఎదురుండదు. ఆ భాగ్యం తాతల నాటి నుంచీ మునసబు గారిది. మాస్టారి ఇల్లు వీధి చివర. అక్కడికి వచ్చేసరికి డప్పులు నీరసించి, ఘటమెత్తిన గణాచారి కూర్మమ్మ పూనకం దిగి ఆవలిస్తూ ఉండేది. మాస్టారికి ఏటేటా తల కొట్టేసినట్టయ్యేది.

ఇలా ఉండగా పంచాయతీ సమితివాళ్ళు ఆయన పెరటి వెనక గ్రావెల్ రోడ్డు వేశారు. ఘటం అటునుంచి వస్తే తొలి ఇల్లు ఎవరిది? చెప్పేది లెక్కల పాఠం కనక మాస్టారు లెక్కవేసుకున్నారు. పంచాయతీ సభలో లేచి గర్జించారు.

"సోదరులారా! అమ్మ అందరికీ అమ్మ. ఆవిడను ఒక్క వీధికి కట్టెయ్యడానికి మనమెవరం? మనిషి చంద్రుడి మీదికి ప్రయాణం కడుతున్న రోజులివి. మనం అమ్మను కొత్త రోడ్డెక్కించలేమా?"

చప్పట్లు మోగాయి. కుర్రకారు ఆయన్ని సంస్కర్త అన్నారు. ఆయన కాదనలేదు.

సంబరం నాడు పొద్దున్నే మాస్టారి భార్య తవిటమ్మ పసుపునీళ్ళ బిందెతో కొత్త గుమ్మంలో నిలబడింది. పక్కన పట్టుపంచెలో మాస్టారు. డప్పులు దగ్గరకొచ్చాయి, ఇంకా దగ్గరకొచ్చాయి, ఆగిపోయాయి. హరిజనపేటలో, గురమ్మ పాక ముందు.

కొత్త రోడ్డు పేటలోంచే వస్తుంది. ఇళ్ళు లెక్కపెట్టినప్పుడు మాస్టారి కంటికి పేట ఆనలేదు. పాపం, ఆయన్నే అని లాభం లేదు. మనలో ఎవరం లెక్కపెట్టినా పేట దాటాకే మొదలుపెడతాం.

అమ్మ వస్తుందని గురమ్మకు ఎవరూ చెప్పలేదు. కుండలో ఉన్న మంచినీళ్ళే తెచ్చి కూర్మమ్మ పాదాల మీద పోసి బావురుమంది.

"దోవ తప్పొచ్చీసినావేటమ్మా?"

"తప్పలేదే. నీకాడికే వచ్చినాను" అంది కూర్మమ్మ ఊగిపోతూ.

ఇక్కడ సంస్కర్తకు కూడా ఏడుపొచ్చింది. ఆనందంతో కాదు.

"రెండోవోలమైతే ఏటయిపోనాది? నన్ను నీలు పొయ్యనీండి" అంది తవిటమ్మ. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, పెద్దల్ని నడిరోడ్డు మీదే సమావేశపరిచారు. తొలి ఘటం పేటకు దక్కడం కన్నా మాస్టారికి దక్కడమే నయమని మునసబు గారు పాత పగలన్నీ మరిచిపోయారు. సంబరాలు మనుషుల్ని కలుపుతాయని ఊరికే అనరు.

తీర్మానం ఏకగ్రీవం. "సంబరం దినములలో ఊరు జగన్నాధం మాస్టారి గుమ్మం వద్ద ప్రారంభమగును. అంతకుముందు జరిగినది ప్రయాణమే గాని ఊరేగింపు కాదు. ఇది అనాదిగా వస్తున్న ఆచారము." ఆ అనాదికి అప్పటికింకా అరగంట కూడా నిండలేదు. మొన్న ఓట్లప్పుడు ఊరు పేటను కూడా కలుపుకుని జీడితోటల దాకా సాగిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తొలి ఘటం మాస్టారికి దక్కింది. మెడలో దండ పడింది. సమానత్వం మీద నాలుగు ముక్కలు చెప్పబోతుంటే జనం వెనకనుంచి గురమ్మ అడిగింది.

"మరి మా గుమ్మంకాడ నిలబడినప్పుడు అమ్మ యే ఊర్ల ఉన్నాది బాబూ?"

మాస్టారు డప్పులవాళ్ళకు సైగ చేశారు. ముందున్న గంగులు గురమ్మ పెనిమిటే. ఒకసారి ఆమె వంక చూశాడు. తల దించుకుని వాయించాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బ్రహ్మాండంగా వాయించాడు. మనమంతా చిందులేశాం.