ఒక్క అంకె దిద్దడానికి

పళ్ళ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు చివరి అంకె తప్పు పడింది. ఆరు ఉండాల్సిన చోట ఎనిమిది ఉంది. వెబ్‌సైట్ తయారుచేసిన కార్యాలయం ఈ విషయాన్ని అత్యంత తీవ్రంగా పరిగణించి, ఆ అంకె దిద్దడానికి తగిన కోడ్ ఎడిటర్‌ను ఎంపిక చేసేందుకు ఒక సంఘాన్ని నియమించింది.

కోడ్ ఎడిటర్ అంటే వెబ్‌సైట్ వెనకాల ఉండే రాతను దిద్దే సాఫ్ట్‌వేర్. ఏది తెరిచినా ఎనిమిది చెరిపి ఆరు కొట్టవచ్చు. అంత తేలిక కావడమే ప్రమాదమని మేనేజరు హెచ్చరించారు.

"తొందరపడి దిద్దేశామనుకోండి. రేపెవరైనా దేంట్లో దిద్దారని అడిగితే ఏ మొహం పెట్టుకుని చెబుతాం?"

సంఘం వెంటనే రెండుగా చీలి పని ప్రారంభించింది. సీనియర్ డిజైనర్ వర్గానిది మౌనంగా ఉండే ఎడిటర్. తెరిస్తే ఖాళీ తెర, మెరిసే గీత, అంతే. జూనియర్ డిజైనర్ వర్గానిది రెండక్షరాలు కొట్టగానే మిగతా మాటను తానే పూరించే ఎడిటర్.

"నా వేళ్ళు కొట్టిన ప్రతి అక్షరానికీ నేనే పూచీ! యంత్రం నోట్లో పెట్టిన మాట నేను మింగను!" అని సీనియర్ గర్జించారు. సగం గది చప్పట్లు కొట్టింది. మిగతా సగం టీకి లేచింది.

"మింగడం తర్వాత సంగతి. ఆయన ఇంకా మొదటి అక్షరం వెతుకుతున్నారు," అంది జూనియర్, లేస్తూనే.

ఈలోగా, ఎనిమిదితో ముగిసే ఆ నంబరు గల టైలరు షాపులో ఫోన్ ఆగడం లేదు. కోటు కుట్టించుకునేవాళ్ళకు లైను దొరకడం లేదు. పన్ను పీకించుకునేవాళ్ళకే దొరుకుతోంది. ఉన్న ఖాతాదారులు ఒక్కొక్కరే ఎదురు షాపుకు జారుకున్నారు.

"ఇవాళ ఆ అంకె మార్పించకుండా ఇంటికొచ్చారో, మీ పళ్ళు నేనే పీకుతా," అని టైలరు భార్య ఆయన్ను సాగనంపింది.

టైలరు కార్యాలయానికి వచ్చి చేతులు జోడించాడు. "అయ్యా, ఒక్క అంకె. షాపు మూతపడేలా ఉంది."

కార్యాలయం చలించిపోయింది. అక్కడికక్కడే ఆయన్ను బాధితుల ప్రతినిధిగా సంఘంలోకి తీసుకుని, రెండు ఎడిటర్లూ చూపించింది. టైలరు రెండోదాన్ని చూసి అదిరిపడ్డాడు.

"నేను కత్తెర పెట్టకముందే గుడ్డ కోసేసే మిషనా? ఛీ ఛీ! మాట్లాడనిదే నయం!"

సీనియర్ ఆయన్ను కౌగిలించుకున్నారు. ఇక ఆ షాపులో గుండీ కూడా కుట్టించుకోబోమని జూనియర్ వర్గం తీర్మానించింది. టైలరు ఆ తర్వాత ఒక్క సమావేశమూ తప్పలేదు. తీరిక లేక షాపుకు తాళం తానే వేసుకున్నాడు.

నిన్న వాదన మంచి రసపట్టులో ఉండగా టైలరు వెంట తెచ్చుకున్న షాపు ఫోన్ మోగింది. అందరూ వినేలా స్పీకర్ పెట్టాడు.

"డాక్టరు గారూ... దవడ వాచిపోయిందండీ... నోరు తెరుచుకోవట్లేదు..."

"దవడ సంగతి తర్వాత చూద్దాం బాబూ. ఎడిటరన్నది మనం చెప్పబోయే మాట తానే పూరించాలా, నోరు మూసుకుని ఉండాలా?" అన్నాడు టైలరు.

అవతల మూలుగు ఆగిపోయింది.

"పూరించాలండీ! పూరించకపోతే అదేం ఎడిటరండీ? మీలాంటి చదువుకున్నవాళ్ళే ఇలా అడిగితే ఎలా?"

తెరుచుకోని ఆ నోటితోనే రోగి అనర్గళంగా మాట్లాడాడు. టైలరును తిట్టాడు, సీనియర్‌ను సవాలు చేశాడు, జూనియర్ వర్గం చేత చప్పట్లు కొట్టించుకున్నాడు. అభిప్రాయం నమోదయింది. పక్షాలు సమానం కావడంతో నిర్ణయం వాయిదా పడింది.

ఎడిటరంటే ఏమిటని మాత్రం ఆ రోగి చివరిదాకా అడగలేదు.