స్మెల్‌స్కేప్ కేసులో బస్తా మిరపకాయలు

"ప్రపంచంలో గొప్ప డిటెక్టివ్‌లు ఇద్దరే. రెండోవాడు ఇంకా పుట్టలేదు," అని ప్రేమదాసు ప్రకటించగానే, గుంటూరు మిర్చి యార్డులో కొట్టు నడిపే మీరా హుస్సేన్ గుండె గుభేలుమంది. మిత్రుడు ఈ ధోరణిలో పడ్డప్పుడల్లా కొట్టులోంచి ఏదో ఒకటి పోతుంది.

ఈసారి కేసు ప్రేమదాసు అక్క కోటిరత్నానిది. యార్డు పక్క కాలేజీలో ఇంగ్లీషు చెబుతుందావిడ. వేసవంతా కష్టపడి ఊరి వాసనల మీద సెమినార్ పత్రం రాసి, 'గుంటూరు స్మెల్‌స్కేప్' అని పేరు పెట్టింది. ఒక చోటిని కమ్ముకునే వాసనలన్నిటికీ కలిపి ఆ మాట. ఎక్కడ చదివిందో గుర్తులేదు, ఇంట్లో ఉన్న డిక్షనరీలో దొరకలేదు. ఎవరు పుట్టించారో చెప్పకపోతే వేదిక ఎక్కనివ్వనని ప్రిన్సిపాల్ రామమూర్తి గారు తేల్చేశారు. పాపం, ఆవిడ ఏడుపు చూస్తే మీరా హుస్సేన్‌కే జాలేసింది.

"ఒరేయ్ మీరా, ఘాటుకి మన ముక్కులు ఎప్పుడో చచ్చాయి. వాసనకి పేరు పెట్టాడంటే వాడు పైఊరివాడే. నేరస్థుడు నేరం జరిగిన చోటికి తప్పకుండా వస్తాడు. వాణ్ణి తుమ్మించి పట్టాలి. ఒక బస్తా ఇవ్వు."

మర్నాడు ప్రేమదాసు సెమినార్ హాల్లో ఫ్యాను కింద బస్తా విప్పి, ఎండు మిరపకాయల్ని కర్రతో కలియబెట్టాడు. హాలంతా ఊరివాళ్లే, ఒక్కరూ ముక్కు చిట్లించలేదు. రామమూర్తి గారు స్వాగతోపన్యాసం నిక్షేపంగా చదువుకుపోయారు. విశాఖ నుంచి వచ్చిన ముఖ్య అతిథి, భూగోళం ప్రొఫెసర్ సాయిరాం గారు మాత్రం వరసపెట్టి తుమ్మడం మొదలెట్టారు.

ప్రేమదాసు ఒక్క గంతులో వేదికెక్కి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మీ ఆట కట్టిందండీ. స్మెల్‌స్కేప్ అనే మాట ఎక్కడిది?"

"అదా బాబూ," అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. "కెనడాలో పనిచేసిన ఒక భూగోళ శాస్త్రవేత్త ఎనభై అయిదులో రాశాడు. కంటికి కనపడేది ల్యాండ్‌స్కేప్ అయితే, ముక్కుకు తెలిసేది స్మెల్‌స్కేప్ అని. ఇక్కడ దాని గురించి రాసిందెవరు?"

మీరా హుస్సేన్ కోటిరత్నాన్ని దాదాపు వేదిక మీదికి తోశాడు. ఆవిడ నెమ్మదిగా మొదలెట్టి, రెండో పేజీకల్లా గొంతు పెంచింది. చదివినంతసేపూ ప్రొఫెసర్ గారి కళ్లు ధారలు కట్టాయి. అది చూసి రామమూర్తి గారు కరిగిపోయి, ఇంతగా హృదయాన్ని కదిలించే పత్రం ఈ కాలేజీలో రాలేదనీ, తానే స్వయంగా యూనివర్సిటీకి పంపుతాననీ మైకులో ప్రకటించారు.

కోటిరత్నం మొహం వెలిగిపోయింది. ప్రేమదాసు మిత్రుడి చెవిలో గర్వంగా అన్నాడు.

"చూశావా, నేరస్థుడు పశ్చాత్తాపంతో ఎలా కుమిలిపోతున్నాడో."